అటక మీద గీజరు, సీలింగులో ఏసీ: కారుతున్నది ఎవరి నీరు?

ప్రశ్న: మేము చెన్నై వేలచ్చేరిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాం. ఫ్లాటు చేతికి వచ్చి మూడేళ్ళయింది. ఇంటీరియర్ పని చేయించినప్పుడు పడకగదికీ బాత్‌రూముకీ మధ్య ఉన్న నడవలో, ఫాల్స్ సీలింగు పైన 2 టన్నుల డక్ట్ ఏసీ పెట్టించాం. దాని పక్కనే బాత్‌రూము అటక మీద 25 లీటర్ల గీజరు ఉంది. పోయిన ఎండాకాలం నుంచి నడవ సీలింగు మీద గోధుమరంగు మరక పడుతోంది. ఏసీ మెకానిక్ వచ్చి పైపు ఊది వెళ్తే కొన్ని వారాలు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మొదలవుతుంది. ఇప్పుడు ఆయన ఇది గీజరు నీరని అంటున్నారు, ప్లంబరేమో ఏసీదే అంటున్నారు. ఈలోగా కింది ఫ్లాటువాళ్ళు తమ బాత్‌రూము కప్పు చెమ్మ పట్టిందని, మేమే బాగుచేయించాలని పట్టుబడుతున్నారు. సంక్రాంతికి పది రోజులు నెల్లూరు వెళ్ళాలి. ఇల్లు ఇలా వదిలి వెళ్ళాలంటే భయంగా ఉంది. గీజరును కిందికి దింపించమంటారా? ఏసీని ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: గీజరును దింపించడం మంచిదే, కానీ అది రేపే చేయాల్సిన పని కాదు. ఏసీని దింపే వీలు ఎలాగూ లేదు కాబట్టి, దాని నీరు దారి తప్పిన రోజునే మీ కంటపడేలా ఏర్పాటు చేసుకోవాలి. ఈ రెండింటికంటే ముందు, కారుతున్నది ఎవరి నీరో తేల్చుకోవాలి. అది తేలకుండా ఇద్దరు పనివాళ్ళ మాటల మధ్య డబ్బు ఖర్చుపెడితే మరక మీద కొత్త రంగు పడుతుందే తప్ప నీరు ఆగదు.

వెతుకులాట మొదలుపెట్టే ముందు కరెంటు సంగతి చూసుకోండి. నడవ సీలింగులో దీపాలు ఉండే ఉంటాయి, వాటి తీగలు ఆ తడిసిన బోర్డు మీదుగానే పోతుంటాయి. మరక దగ్గర ఉన్న దీపాల ఎంసీబీని, అంటే కరెంటు బోర్డులో ఆ లైనుకున్న బ్రేకర్ స్విచ్‌ని, దించి ఉంచండి. మీ ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) ఉందో లేదో, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతోందో లేదో చూడండి. నొక్కినా పడకపోతే మరమ్మతుల్లో అదే మొదటిది. జిప్సమ్ బోర్డు ఎక్కడైనా కిందికి ఉబ్బి ఉంటే పైన నీరు నిలిచిందని అర్థం. తడిసిన జిప్సమ్‌కు బలం ఉండదు, మొత్తం ముక్కగా ఊడిపడుతుంది. కరెంటు ఆపిన తర్వాత కింద బకెట్ పెట్టి, ఉబ్బు మధ్యలో స్క్రూడ్రైవరుతో చిన్న రంధ్రం చేసి నీరు దించేయడం మేలు. పాడైన ముక్కను ఎలాగూ మార్చాల్సిందే కనుక ఆ రంధ్రం గురించి బెంగ అక్కర్లేదు.

ఇక పైన ఏముందో చూడాలంటే తలుపు కావాలి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు, ఉంటే సరే. ఇంటీరియర్ పనివాళ్ళు అందం చెడుతుందని చాలా ఇళ్ళలో ఆ తలుపు పెట్టరు, లేదా ఫిల్టరు తీయడానికి సరిపడేంత చిన్న పలక పెట్టి వదిలేస్తారు. ఏసీ ట్రే, డ్రెయిన్ పైపు మొదలయ్యే చోటు, రెండూ చేతికి అందేలా కనీసం రెండడుగుల చదరపు తలుపు కోయించండి. ఇది లేకుండా వచ్చే ప్రతి మెకానిక్కూ బయటి చివర నుంచి పైపు ఊది వెళ్ళడమే తప్ప మరేమీ చేయలేడు. మీ దగ్గర జరుగుతున్నదీ బహుశా అదే.

తలుపు తెరిచాక ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించండి. మొదట గీజరు ఎంసీబీ దించి, దాని మీద ఎవరూ మళ్ళీ పైకి ఎత్తకుండా టేపు అంటించి, గీజరుకు నీరు వచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకులో ఉన్న నీరంతా దింపేయండి. నీరు దింపడం ఎందుకంటే, కాక్ కట్టినంత మాత్రాన లోపలి 25 లీటర్లు ఎక్కడికీ పోవు, చిల్లు కింది భాగంలో ఉంటే ఆ నీరే రోజుల తరబడి కారి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఏసీ కింద, పైపు పొడవునా పాత వార్తాపత్రికలు పరిచి, రెండు రాత్రులు ఏసీ మాత్రమే నడపండి. తర్వాత ఏసీ పూర్తిగా ఆపి, గీజరు నింపి, దాని కింద కాగితాలు పరిచి రెండు రోజులు మామూలుగా వాడండి. కాగితం ఎక్కడ తడిసిందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

అప్పటికీ సందేహం మిగిలితే మంచినీటి ఫిల్టరు పరీక్షకు వాడే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు తెచ్చుకోండి. గాలిలోని తేమ చల్లబడి నీరైనది కాబట్టి ఏసీ నీటిలో లవణాలు దాదాపు ఉండవు, మీటరు పదుల్లోనే ఆగుతుంది. గీజరులోకి వచ్చేది మీ బోరు నీరో, లారీ నీరో, మెట్రో వాటరు కలిసిన సంపు నీరో అయి ఉంటుంది. చెన్నైలో చాలాచోట్ల బోరు నీరు 500 దాటుతుంది, తీరానికి దగ్గరగా ఉన్నచోట వెయ్యి పైన కూడా చూపిస్తుంది. ముందు మీ కుళాయి నీటిని కొలిచి ఆ అంకె రాసిపెట్టుకుని, తర్వాత పైన కారుతున్న నీటిని కొలవండి. అయితే ఆ నీటిని యూనిట్ దగ్గరో, పైపు కీలు దగ్గరో పట్టుకోవాలి. స్లాబులోంచి, ప్లాస్టరులోంచి దిగిన నీరు దారిలో సున్నాన్నీ ఉప్పునూ కలుపుకుని వస్తుంది కాబట్టి దాన్ని కొలిచి ఏసీని నిర్దోషిగా వదిలేయకూడదు. కంటికి కనిపించే ఆనవాలు కూడా ఒకటుంది. గీజరు కీళ్ళ దగ్గర చాన్నాళ్ళుగా ఊరుతుంటే తెల్లటి ఉప్పు పూత గట్టిగా పేరుకుని ఉంటుంది, ఏసీ నీరు ఆరిపోతే అలాంటి పూత మిగలదు.

కింది ఫ్లాటువాళ్ళ ఫిర్యాదును దీనితో ముడిపెట్టడానికి తొందరపడకండి. మీ గీజరు ఉన్నది మీ బాత్‌రూము పైభాగంలో. అది కారితే ముందు తడిసేది మీ బాత్‌రూము గోడ, మీ అటక. మీకు పైన పొడిగా ఉండి వాళ్ళకు కప్పు చెమ్మగిల్లిందంటే, అనుమానించాల్సింది మీ బాత్‌రూము నేలను, అంటే నేలలోని ట్రాపు (నీరు బయటికి పోయే జాలీ కింది వంపు గొట్టం) చుట్టూ ఉన్న కీలును, వాటర్‌ప్రూఫింగును, గోడలో కప్పిన పైపులను. ఒక చిన్న మినహాయింపు ఉంది. మీ ఏసీ డ్రెయిన్ పైపును గోడలోంచి తెచ్చి ఆ ట్రాపులోకే కలిపి ఉంటే, ఆ కలిపిన చోటు కారవచ్చు. ప్లంబరు చేత కప్పిన పైపులకు ప్రెషర్ టెస్ట్ చేయించండి. పంపుతో ఒత్తిడి పెంచి ఉంచితే మీటరు ముల్లు నిలబడుతుందో దిగుతుందో ఒక పూటలో తెలుస్తుంది. ముల్లు నిలబడి, చెమ్మ మాత్రం పెరుగుతుంటే లోపం నేలది. స్వాధీనమై మూడేళ్ళే అంటున్నారు కాబట్టి ఇది మీకు కలిసొచ్చే విషయం. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షను ప్రకారం స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ళలోపు బయటపడిన నిర్మాణ లోపాలనూ పనితనపు లోపాలనూ బిల్డరు తన ఖర్చుతో, మీరు తెలియజేసిన 30 రోజుల్లో సరిచేయాలి. కప్పిన పైపులు, వాటర్‌ప్రూఫింగు దీని కిందికి వస్తాయి. మీరు తర్వాత పెట్టించుకున్న ఏసీ, గీజరు రావు. ఉత్తరం రాతపూర్వకంగా, ఫొటోలతో పంపండి.

ఇప్పుడు ఏసీ సంగతి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం మొదట దాని మీదే. మజ్జిగ పోసిన చల్లటి గ్లాసుకు చెమట పట్టినట్టే, చల్లటి కాయిలు మీద గాలిలోని తేమ నీరై కింది ట్రేలో పడుతుంది. చెన్నైలో సముద్రపు గాలి తిరిగాక ఉండే ఉక్కలో 2 టన్నుల యూనిట్ గంటకు రెండు లీటర్ల దాకా నీరు దించగలదు. రాత్రంతా నడిస్తే ఒక బిందెడు. ఇంత నీరూ సాధారణంగా ఒక సన్నటి పీవీసీ పైపులోంచి, ఏ మోటారూ లేకుండా, వాటం మీదనే బయటికి పోవాలి. ఆ వాటం మీటరుకు కనీసం ఒక సెంటీమీటరైనా, మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తగ్గకుండా ఉండాలి. సీలింగు లోపల ఎత్తు తక్కువ కావడం వల్ల పనివాళ్ళు పైపును దాదాపు బల్లపరుపుగా పరుస్తారు, లేదా మెత్తటి ముడతల గొట్టం వేసి సరిగ్గా కట్టకుండా వదిలేస్తారు. అది కొన్నాళ్ళకు మధ్యలో పొట్టలా వేలాడుతుంది. ఆ పొట్టలో నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలో దుమ్ము చేరి జిగట పాచి పడుతుంది, పాచి పెరిగి దారి మూస్తుంది, ట్రే పొంగుతుంది. ఊదినప్పుడు పాచి పోతుంది కానీ పొట్ట పోదు. అందుకే మీకు కొన్ని వారాల ఉపశమనం దొరికి మళ్ళీ మరక కనిపిస్తోంది. ఇంకో మాట, గట్టిగా గాలి కొట్టి ఊదడం వల్ల సీలింగు లోపల ఎక్కడో సరిగ్గా అతకని కీలు ఊడిపోయి, అప్పటిదాకా లేని కారుడు మొదలైన ఇళ్ళు కూడా ఉన్నాయి.

కాబట్టి మెకానిక్‌ను పైపు ఊదమని కాకుండా పైపు మార్చమని అడగండి. గట్టి పీవీసీ పైపు, రెండున్నర మూడడుగులకొక క్లాంపు, మొత్తం పొడవునా వాటం, పైన నల్లటి నైట్రైల్ ఫోమ్ తొడుగు ఉండాలి. తొడుగు ఎందుకంటే పైపులో పోయేది చల్లటి నీరు, అది లేకపోతే పైపే బయట చెమర్చి బోర్డు మీద చుక్కలు రాలుస్తుంది. డక్టుకూ రాగి పైపులకూ ఇదే వర్తిస్తుంది. కీళ్ళ దగ్గర టేపు ఊడి తొడుగు విడిపోయిన చోట వేలు పెట్టి చూస్తే తడి తగులుతుంది. డ్రెయిన్ నిక్షేపంగా ఉన్నా మరక పడుతుంటే కారణం చాలాసార్లు ఈ చెమటే. పని ముగిశాక, సీలింగు మూయకముందే, మీరు దగ్గర నిలబడి ట్రేలోకి ఒక మగ్గుతో రెండు లీటర్ల నీరు పోయించండి. బయటి చివర ధార వెంటనే మొదలై, పోయడం ఆపిన కాసేపటికి ఆగిపోవాలి, ట్రేలో నీరు మిగలకూడదు. నీటిలో కాస్త నీలిమందు కలిపితే ఏ కీలు ఊరుతోందో కూడా తెలుస్తుంది. తెల్లటి సీలింగు మీద పడితే ఆ నీలం పోదు సుమా, కింద ప్లాస్టిక్ పట్టా పరవండి. మీ యూనిట్‌లో బ్లోయరు (గాలి తిప్పే ఫ్యాను) కాయిలు తర్వాత ఉండి గాలిని లాగే రకమైతే ట్రే దగ్గర పైపుకు యు ఆకారపు ట్రాపు తప్పనిసరి. అది లేకపోతే బయటి గాలి పైపులోంచి లోపలికి ఎదురొచ్చి నీటిని దిగనివ్వదు, ఏసీ ఆపగానే నీరంతా ఒక్కసారి దిగుతుంది. ఏసీ ఆపిన తర్వాతే కారడానికి మరో కారణం కూడా ఉంది. ఫిల్టరు దుమ్ము పట్టడం వల్లనో, గ్యాసు తగ్గడం వల్లనో కాయిలు మీద మంచు గడ్డకట్టి, ఆపగానే కరిగి ట్రేను ముంచెత్తుతుంది. ఎప్పుడు కారుతోందో గడియారం చూసి రాసిపెట్టి మెకానిక్‌కు చెప్పండి, సగం పని తగ్గుతుంది.

వీటన్నింటికంటే నేను ఎక్కువ పట్టుబట్టేది మరో రెండింటి మీద. యూనిట్ కింద అన్నివైపులా దానికంటే మూడంగుళాలు వెడల్పుండే రెండో ట్రే ఒకటి పెట్టించి, దానికి విడిగా పైపు వేసి, ఆ పైపు చివరను ఏ ట్రాపులోనూ కలపకుండా, బాత్‌రూము తలుపు ఎదురుగానో బాల్కనీ కిటికీ పైననో, రోజూ మీ చూపు పడే చోట వదలమనండి. అక్కడ చుక్క కనిపించిందంటే మొదటి దారి మూసుకుపోయిందని ఆ క్షణమే తెలుస్తుంది. రెండోది, ట్రేలో ఫ్లోట్ స్విచ్. నీరు నిర్ణీత మట్టం దాటగానే అది ఏసీని ఆపేస్తుంది. స్విచ్ ఖరీదు కొన్ని వందలే, ఒక సీలింగు పలక మార్చి రంగు వేయించేదానితో పోలిస్తే అది ఖర్చే కాదు. సీలింగులోనే అమర్చే చదరపు క్యాసెట్ ఏసీల్లో నీటిని పైకెత్తే పంపుతో పాటు ఇలాంటి స్విచ్ కంపెనీ నుంచే వస్తుంది, డక్ట్ యూనిట్లకు మాత్రం చాలాసార్లు మనం అడిగి పెట్టించుకోవాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి ట్రేలోకి ఒక గ్లాసు తెల్ల వెనిగరు, అరగంట తర్వాత ఒక చెంబు నీరు పోస్తే సరిపోతుంది. యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను దగ్గరికి రానివ్వకండి, కాయిలు అల్యూమినియం రేకులను తినేస్తాయి.

గీజరు విషయానికొస్తే, అటక మీద పెట్టడమే నాకు నచ్చని అలవాటు. ఏసీ కారితే ఆపిన కాసేపటికి ఆగుతుంది. గీజరు వెనక మాత్రం మేడ మీది ట్యాంకు మొత్తం ఉంటుంది. గొట్టం తెగితే మీ 25 లీటర్లతో ఆగదు, ఎవరో వచ్చి కాక్ కట్టేదాకా పోతూనే ఉంటుంది. పైగా అటక మీద ఉన్నదాన్ని ఎవరూ చూడరు. ముందుగా అది అడ్డంగా పెట్టడానికే తయారైన మోడలా, నిలువు గీజరును ఎత్తు చాలక పడుకోబెట్టారా అన్నది చూడండి. రెండోదైతే దింపించడానికి వేరే కారణం అక్కర్లేదు. నిలువు మోడలును పడుకోబెడితే ట్యాంకు పైభాగం నిండదు, నీటిని కాచే కాయిలు నీటి బయట కాలుతుంది.

గీజరులోకి చన్నీరు వచ్చే ద్వారం దగ్గరున్న సేఫ్టీ వాల్వు నుంచి, నీరు కాగుతున్నంతసేపు అప్పుడప్పుడు చుక్కలు పడటం లోపం కాదు. 25 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 60 దాకా కాస్తే దాదాపు మూడోవంతు లీటరు వ్యాకోచిస్తుంది. వెనక్కి పోయే దారి లేనప్పుడు ఒత్తిడి పెరిగి ఆ వాల్వు, సాధారణంగా 8 బార్ల దగ్గర, తెరుచుకుంటుంది. పనివాళ్ళు ఈ చుక్కలను కారుడు అనుకుని ఆ రంధ్రానికి బిరడా బిగించిన సందర్భాలు లేకపోలేదు. అలా చేస్తే ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకండి. ఆ రంధ్రానికి ఒక పైపు తగిలించి బాత్‌రూము నేల దగ్గర దాకా తెచ్చి వదలడమే సరైన మార్గం. చల్లగా ఉన్నప్పుడు కూడా అదేపనిగా కారుతుంటే మాత్రం వాల్వులో ఇసుక చిక్కడమో, ఒత్తిడి ఎక్కువ కావడమో కారణం. మీ భవనంలో పైట్యాంకు నుంచి మూడో అంతస్తుకు మహా అయితే 1 బార్ పైచిలుకు ఒత్తిడి ఉంటుంది కాబట్టి, ప్రెషర్ పంపు లేకపోతే వాల్వు మార్చితే సరిపోతుంది.

చెన్నై ఉప్పునీటిలో గీజరు ట్యాంకు ఆయుష్షు లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ మీద ఆధారపడి ఉంటుంది. ట్యాంకుకు బదులు ఆ కడ్డీ తుప్పు పట్టి అరిగిపోతుంది. అది అయిపోయాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. ఏడాదికోసారి విప్పి చూపించమనండి, సన్నటి తీగలా మిగిలి ఉంటే మార్పించండి. విప్పినప్పుడు రబ్బరు గ్యాస్కెట్ కొత్తది వేయమని చెప్పడం మరిచిపోవద్దు, సర్వీసు చేసిన వారానికే కారడం మొదలయ్యే గీజర్లలో చాలావాటికి పాత గ్యాస్కెట్టే కారణం. సాఫ్ట్‌నర్ పెట్టించినవాళ్ళు ఇక కడ్డీతో పని లేదనుకుంటారు, నిజానికి మెత్తబడిన నీటిలో అది ఇంకా త్వరగా కరగవచ్చు. వేడి 60 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సున్నం పేరుకోవడం తగ్గుతుంది. రెండు చివర్ల ఉన్న అల్లిక గొట్టాలను నాలుగైదేళ్ళకోసారి, బాగున్నా సరే, మార్చేయండి. ఇప్పటికి గీజరును పైనే ఉంచదలిస్తే దాని కిందా రెండంగుళాల లోతున్న ట్రే పెట్టించి, పైపును కంటికి కనిపించే చోటికి తెప్పించండి. వచ్చే మార్పిడి నాటికి దాన్ని బాత్‌రూము గోడకు, నీళ్ళు చిమ్మని మూల, మీ చేతికి అందే ఎత్తులో బిగించండి. నిండితే 35 కిలోలు దాటుతుంది కనుక బోలు ఇటుక గోడ అయితే తగిన యాంకర్ బోల్టులు వాడాలి.

ఇంటి బీమా గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం వల్ల, పొంగడం వల్ల కలిగే నష్టం చేరి ఉంది. నెలల తరబడి ఊరిన చెమ్మకు మాత్రం అది వర్తించదు, కింది ఫ్లాటుకు మీరు చెల్లించాల్సి వచ్చేది కూడా మామూలుగా అందులో రాదు. కిందివాళ్ళతో మాట్లాడేటప్పుడు తప్పు ఒప్పుకునే ముందు, తోసిపుచ్చే ముందు, ఆ ప్రెషర్ టెస్ట్ వాళ్ళ ఎదుటే చేయించండి. అసోసియేషన్ నుంచి ఒకరు కూడా ఉంటే మరీ మంచిది.

నెల్లూరు వెళ్ళే రోజు ఏసీ, గీజరు ఎంసీబీలు రెండూ దించి, మీ ఫ్లాటుకు నీరు వచ్చే ప్రధాన వాల్వు కట్టేయండి. అది షాఫ్టులోనో మేడ మీదో ఉండవచ్చు, చాలా ఇళ్ళలో ఏ వాల్వు ఎవరిదో రాసి ఉండదు, అందుకని ముందుగానే ఒకసారి కట్టి మీ కుళాయిలే ఆగాయో లేదో చూసుకోండి. తాళం చెవి ఒకటి నమ్మకమైన పొరుగువారికి ఇచ్చి, ఆ వాల్వును వాళ్ళకు చూపించి వెళ్ళండి. తిరిగి వచ్చాక వాల్వు తెరిచి, బాత్‌రూములో వేడినీటి కుళాయి విప్పి, గాలి చప్పుళ్ళు ఆగి నీరు నిండు ధారగా వచ్చేదాకా ఉండి, ఆ తర్వాతే గీజరు స్విచ్ వేయండి.